మారుపేరు మెయిల్: స్పామ్ మచ్చ ఎవరికి?

అసలు ఈమెయిల్ చిరునామా దాచి, మారుపేరు చిరునామా ఇచ్చి మెయిళ్లు తెప్పించుకోవడం ఇప్పుడు తేలిక. యాపిల్ ‘హైడ్ మై ఈమెయిల్’, ఫైర్‌ఫాక్స్ రిలే, 2022లో ప్రోటాన్ కొనుగోలు చేసిన సింపుల్‌లాగిన్ చేసే పని ఇదే. చిక్కంతా మధ్యలో చేరవేసే సర్వర్‌కే.

ఒక డొమైన్ పేరిట మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకుందో ఎస్‌పీఎఫ్ జాబితా చెబుతుంది. చేరవేసే సర్వర్ అందులో ఉండదు. అందుకే తిరుగు చిరునామాను తన డొమైన్‌కు మార్చుకుంటుంది. తనిఖీ గట్టెక్కుతుంది గానీ, లోపలి చెత్తకూ పూచీ తనదే అవుతుంది. వినియోగదారు విసుగెత్తి ‘స్పామ్’ నొక్కితే, ఆ మచ్చ చేరవేసిన సర్వర్‌కూ అంటుకోవచ్చు. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం లోపే ఉండాలని 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ పంపేవారికి షరతు పెట్టింది. సర్వర్ పరువు దెబ్బతింటే, అదే దారిన వచ్చే మరొకరి ఓటీపీ కూడా స్పామ్ పెట్టెలో పడొచ్చు. ఏ పాపమూ ఎరుగని వారికిది అన్యాయమే.

దారిలో మార్పులు జరగకపోతే డీకిమ్ సంతకం నిలుస్తుంది. ఏఆర్‌సీ ముద్ర కూడా ఉంది, దాన్ని నమ్మడం మాత్రం అందుకునే సంస్థ ఇష్టం. చెత్త తెచ్చే మారుపేరును ఆపేసే వీలు ఈ సేవల్లో ఉంది. ఇన్‌బాక్స్‌లో కళ్లెదుట కనిపించేది మాత్రం స్పామ్ మీటే.