వేరుకు కావలి కాయు సూక్ష్మజీవి

మొక్క వాడినచో నీరు చాలలేదనియు, ఆకు పసుపెక్కినచో ఎరువు చాలలేదనియు తలచుట మనకు అలవాటైనది. కాని వంగ, టమాటా, బెండ తోటలలో అసలు దోషము పలుమారులు మట్టిలో దాగిన వేర్లయందుండును. అర మిల్లీమీటరు పొడవైనను లేని నులిపురుగు పిల్ల వేరులో దూరి, ఒకచోట స్థిరపడి, అచ్చటి కణములను ఉబ్బించి వాని సారమును పీల్చును. వేరు ముడులు పడును. నీరు, లవణములు సరిగా పైకెక్కవు. అట్టి చేనిలో యూరియా ఎంత చల్లినను రైతు సొమ్ము మట్టిపాలగుటయే.

ఈ పురుగును చంపు రసాయనములు లేకపోలేదు. కాని అవి మనిషిని కూడ విడిచిపెట్టలేదు. డి.బి.సి.పి. అను మందును తయారుచేసిన కాలిఫోర్నియా కార్మికులు సంతానశక్తిని కోల్పోయిన సంగతి 1977లో వెల్లడియైనది. మన దేశమున ఫోరేటు గుళికల వాడకము 2020 డిసెంబరు 31 నుండి నిషేధింపబడినది. ఒక విషము పోయి మరియొక విషము వచ్చుటయేనా మన వ్యవసాయ విజ్ఞానము?

నులిపురుగుకు శత్రువు మట్టిలోనే కలదు. దాని పేరు పాశ్చూరియా పెనెట్రాన్స్. లూయీ పాశ్చర్ మహాశయుని పేరు మీదుగా ఈ ప్రజాతికి 1888లో మెచ్నికాఫ్ నామకరణము చేసెను. ఈ బాక్టీరియా సిద్ధబీజములు మట్టిలో ఏండ్ల తరబడి ఎండకు, కరవుకు ఓర్చి నిలిచియుండును. దారిన పోవు నులిపురుగు పిల్ల చర్మమునకు అంటుకొని, అది వేరులో చేరి ఆహారము పీల్చనారంభించిన పిదప మొలకెత్తి దాని దేహములోనికి చొచ్చుకొనిపోవును. వందలకొలది గుడ్లు పెట్టవలసిన ఆడ పురుగు గొడ్డువోవును. అది చచ్చినపుడు 20 లక్షల వరకు క్రొత్త సిద్ధబీజములు మట్టిలో కలియును.

అయినను దీనిని సర్వరోగనివారిణిగా చాటుట తప్పు. ఒక రకపు నులిపురుగుకు అంటు సిద్ధబీజము వేరొక రకమునకు అంటకపోవచ్చును. అవి తమంత తాము కదలలేవు. ఫలితము కనబడుటకు కొన్ని పంటకాలములు పట్టును. పంట కండ్లయెదుట పోవుచుండగా అంతవరకు ఆగుటెట్లని రైతు అడుగుట న్యాయమే. కనుకనే వేసవి దుక్కి, పంట మార్పిడి, బంతి సాగు, తెగులు సోకని నారు, వీనితోపాటు బాక్టీరియాను వాడుట వివేకమని మా అభిప్రాయము. జీవనియంత్రణ మందు పొట్లముపై అది ఏ పురుగునకు ఉద్దేశింపబడినదో, అందు సజీవ సిద్ధబీజములెన్నియో, గడువెప్పటివరకో స్పష్టముగా ఉండవలెను. జీవము లేని పొట్లము కొన్న రైతు సొమ్మునే గాక విజ్ఞానముపై విశ్వాసమును కూడ పోగొట్టుకొనును.

విజ్ఞానశాస్త్ర విద్యార్థులమైన మనము చేయదగిన పని ఒకటి కలదు. సెలవులకు ఊరికేగినపుడు వాడిన మొక్కనొకదానిని వేర్లతో సహా త్రవ్వి, కడిగి, రైతుకు చూపుదము. పప్పుజాతి మొక్కల వేర్లపైనుండు మేలుచేయు బుడిపెలు వ్రేలితో రాచినచో ఊడివచ్చును. నులిపురుగు కలిగించిన ముడి వేరే ఉబ్బి ఏర్పడినది గనుక ఊడిరాదు. ఈ చిన్న భేదము తెలిసిన రైతు మందు కొనుటకు ముందు ఒకసారి ఆలోచించును. మన చదువు పొలమునకు చేరుటకు అదియే మొదటి మెట్టు.