మింగ్ కొట్టిన డప్పు, తల్లి నడిచిన దారి

శుక్రవారం మీకు సెలవు, మాకు డ్యూటీ. ఆ తేడా మరచిపోయి రియాద్ క్యాంపు నుంచి మన తమ్ముడొకడు మొన్న మధ్యాహ్నం మూడుసార్లు ఫోన్ చేశాడు. ఊళ్ళో వాళ్ళ ఆరేళ్ళ పాపకు మూర్ఛ. మాత్రలు వేస్తున్నా ఆగడం లేదు. ఎవరో వీడియో చూపించారట. "అన్నా, మీ ఐర్లాండ్‌ల గంజాయి నూనె మందుల షాపుల్ల దొరుకుతదట గద. ఒక్క సీసా పంపరాదూ" అన్నాడు.

దొరకదు తమ్ముడూ అని ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు. కానీ బిడ్డ గురించి అడిగినవాడికి ఒక్క ముక్క సరిపోదు. అదీగాక ఇలాంటి వీడియోలు మీ గదుల్లో కూడా తిరుగుతున్నాయని తెలుసు. అందుకే ఈ వారం ఆ కథే రాస్తున్నాం.

ఈ దేశంలో గంజాయి అనగానే అందరికీ గుర్తొచ్చే మనిషి లూక్ ఫ్లానగన్. సినిమా విలన్ పేరు తగిలించుకుని "మింగ్" అయ్యాడు. గడ్డం కూడా ఆ విలన్‌దే. 1997లో గంజాయిని చట్టబద్ధం చేయాలంటూ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు. 2001లో గంజాయి చుట్టలు కవర్లలో పెట్టి రాజకీయ నాయకులకు పోస్టు చేశాడు. మన దగ్గర ఎవరైనా ఎమ్మెల్యేలకు అలా పంపితే ఏమవుతుందో ఊహించుకోండి! జనం నవ్వారు, తిట్టారు, కానీ ఆ మాట ఇంటింటికీ చేరింది. అదే మనిషి 2011లో పార్లమెంటుకూ, 2014లో యూరప్ పార్లమెంటుకూ గెలిచాడు. మేముంటున్న నేస్ కిల్డేర్ కౌంటీలోది, ఆయన నియోజకవర్గంలోదే. 2024 జూన్‌లో మళ్ళీ గెలిచాడు. ఆ రోజు మా చేతికి లోకల్ కౌన్సిల్ ఓటు కాగితమే వచ్చింది. ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళెవరైనా ఆ ఓటు వేయవచ్చు, యూరప్ ఓటు మాత్రం యూరోపియన్ యూనియన్ దేశాల పౌరులకే.

డప్పు కొట్టందే దండోరా ఊరికి వినపడదు. కానీ కొట్టేవాడి వాలకం చూసి తలుపు వేసుకునేవాళ్ళూ ఉంటారు. 2013 నవంబరులో మింగ్ పెట్టిన బిల్లుకు అదే జరిగింది. గంజాయిని పెంచడం, అమ్మడం, దగ్గర ఉంచుకోవడం అన్నీ నియమాల కింద అనుమతించాలన్నాడు. వ్యతిరేకంగా 111 ఓట్లు, అనుకూలంగా 8. రోగి అవసరమూ, సరదాకు తాగేవాడి కోరికా ఒకే మూటలో కట్టడం ఆయన చేసిన పొరపాటని మాకనిపిస్తుంది. ఇది మందు అనుకున్న సభ్యుడికి కూడా ఆ మూట ఎత్తాలంటే భయమే కదా.

మూట విప్పింది ఒక తల్లి. కార్క్ కౌంటీకి చెందిన వేరా టూమీ. ఆమె కూతురు ఆవాకు డ్రావే సిండ్రోమ్ అనే మొండి మూర్ఛ. 2016లో ఒకసారి రాజధాని డబ్లిన్ వైపు నడక మొదలుపెట్టి, మంత్రి మాటిస్తే ఆగింది. పని కాలేదు. 2017లో మళ్ళీ బయలుదేరి దాదాపు 300 కిలోమీటర్లు నడిచి పార్లమెంటు గేటు దాకా వచ్చింది. మింగ్‌ను చూసి నవ్వినవాళ్ళు ఆమెను చూసి నవ్వలేకపోయారు. జీనో కెన్నీ అనే సభ్యుడు వైద్యానికి మాత్రమే పెట్టిన బిల్లు 2016 డిసెంబరులో ఓటింగే లేకుండా రెండో దశ దాటింది. అది చట్టం కాలేదుగానీ, వాదన మారిపోయింది.

తమ్ముడికి మేము గట్టిగా చెప్పిన సంగతి ఇది: 2017లో ఆ తల్లి స్పెయిన్ నుంచి నూనె తెస్తే డబ్లిన్ ఎయిర్‌పోర్టులో లాగేసుకున్నారు. సొంత దేశంలో, దేశమంతా ఎరిగిన తల్లికే ఆ గతి పట్టింది. రియాద్‌లోనో, శంషాబాద్‌లోనో మన పెట్టెలో ఆ సీసా కనపడితే మన మాట వినేదెవరు? సౌదీలో హషీష్ రవాణా కేసుల్లో తలలు తీశారు. మన దేశంలో 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం ఉంది. "ఊరి నుంచి మందు తెచ్చివ్వు" అని ఎవరైనా పొట్లం చేతిలో పెడితే, విప్పి చూడందే ముట్టుకోకండి.

చివరికి 2017 చివర్లో ఆవాకు లైసెన్సు ఇచ్చారు. 2019 జూన్‌లో మంత్రి సైమన్ హారిస్ ఒక పథకం మీద సంతకం చేశారు. మూడు జబ్బులకే అది: ఏ మందుకూ లొంగని తీవ్రమైన మూర్ఛ, కీమో వల్ల ఆగని వాంతులు, మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కండరాల బిగుతు. స్పెషలిస్టు డాక్టరే రాయాలి. నడుం నొప్పికి ఇవ్వరు. ఆ కాగితం లేకుండా దగ్గరుంచుకుంటే నేస్‌లోనూ నేరమే. 2020 డిసెంబరు నుంచి మొదటిసారి కొద్దిపాటితో దొరికితే పోలీసులు హెచ్చరించి వదలవచ్చు, వదలకపోనూవచ్చు. వర్క్ పర్మిట్ మీద బతికే మాకు ఆ జూదం ఎందుకు?

ఇంకో విచిత్రం. గంజాయిని తెల్లవాళ్ళ వైద్యానికి పరిచయం చేసినవాడు ఈ దేశపు లిమరిక్‌లో పుట్టిన ఓషానెసీ డాక్టరే. 1839లో కలకత్తాలో మన వైద్యుల దగ్గర విని, తానే పరీక్షించి రాశాడు. మూర్ఛ వస్తున్న 40 రోజుల పసిపాపకు చుక్కలుగా ఇచ్చిన సంగతీ అందులో ఉంది. మన దగ్గర నేర్చుకుపోయిన మందు కోసం ఇప్పుడు మనవాడు ఐర్లాండ్‌కు ఫోన్ చేస్తున్నాడు!

పాప మాత్రలు మాత్రం ఆపొద్దని తమ్ముడికి మరీమరీ చెప్పాం. ఉన్నట్టుండి ఆపితే మూర్ఛ ఎక్కువై ప్రాణం మీదికి వస్తుంది. నిమ్స్‌లో న్యూరాలజీ డాక్టరుకు చూపించి, గంజాయి నుంచి తీసిన మత్తులేని సీబీడీ మందు ఈ పాప జబ్బుకు పనికొస్తుందా అని నోరు తెరిచి అడగమన్నాం. యూరప్‌లో 2019లో ఆ మందుకు అనుమతి ఇచ్చింది కొన్ని రకాల మూర్ఛలకే.

"ఆ తల్లి బిడ్డ ఇప్పుడెట్లుంది అన్నా?" అన్నాడు చివర్లో. దాచలేదు. మందుతో మూర్ఛలు బాగా తగ్గాయని తల్లి చెప్పింది. 2023 మేలో ఆవా చనిపోయింది. పదమూడేళ్ళు. అటు నుంచి కాసేపు మాట లేదు. తర్వాత, రాత్రికి ఇంటికి ఫోన్ చేసి మందుల చీటీ ఫోటో తెప్పిస్తానన్నాడు. మా గదిపైన ఉండే మలయాళీ నర్సక్కకు చూపిస్తామన్నాం.