శాతం వేశారు, కారణం ఎక్కడ?

పుప్పాలగూడలో ఉంటున్న మా తమ్ముడికి పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. కుడి చేయి, కుడి కాలు పట్టు తప్పాయి. మాట ముద్దగా వస్తుంది. సదరం శిబిరంలో 30 శాతం వైకల్యమని తేల్చారు. అతణ్ణి మాట్లాడించి చూసినవారు లేరు. పత్రంలో మాటలోపం ప్రస్తావనే లేదు.

“డాక్టర్లు వేసిందే కదా బావగారూ, ఇంకేం చేస్తాం?” అని మరదలు నిట్టూర్చింది. నేనూ ఆ డాక్టర్లలో ఒకణ్ణే. ఉద్యోగంలో ఉండగా రద్దీ శిబిరాలలో ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలే కేటాయించి అంకె వేసిన రోజులు నాకూ ఉన్నాయి. అందుకే చెబుతున్నాను: ఆ అంకె దైవవాక్కు కాదు.

లెక్క చూడండి. ఒకటికి మించిన వైకల్యాలుంటే కేంద్ర మార్గదర్శకాలలో ఒక సూత్రముంది. 90లోనుండి పెద్ద శాతాన్ని తీసివేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో హెచ్చించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలపాలి. కాలు చేతులకు 30 వేశారు. మాటలోపం 15 అని తేలినా చాలు, మొత్తం 40 అవుతుంది. చట్టంలోని ముఖ్యమైన ప్రయోజనాలకు గీత గీసింది సరిగ్గా 40 వద్దే. చేయని ఒక్క పరీక్ష మనిషిని గీతకు బయట నిలబెట్టింది.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 59వ సెక్షన్ ఇటువంటి నిర్ణయంపై అప్పీలు చేసుకొనే హక్కు ఇచ్చింది. వైద్యవిద్య ప్రవేశాల విషయంలో 2024 అక్టోబరు 15న సుప్రీంకోర్టు, అభ్యర్థిని అనర్హుడంటే మదింపు మండలి కారణాలు నమోదు చేయాలన్నది. సీటు విషయంలో న్యాయమైనది పింఛను విషయంలో న్యాయం కాదా?

దొంగ ధ్రువపత్రాల బెడద ఉందంటారు. నిజమే. కారణం వ్రాసిన పత్రమే దొంగను కూడా పట్టిస్తుంది. ఉత్త అంకె ఎవరినీ పట్టించదు.

కనుక మీ ఇంటివారికి అన్యాయం జరిగిందనిపిస్తే ఊరుకోకండి. కారణాలను వ్రాతపూర్వకంగా అడగండి. అప్పీలు ఎవరికి చేయాలో, గడువెంతో వెంటనే తెలుసుకోండి. ఆసుపత్రి డిశ్చార్జి పత్రం, స్కాన్ రిపోర్టు, వదిలేసిన లోపానికి సంబంధించిన నిపుణుని నివేదిక జతచేయండి. అర్జీ అందినట్లు రసీదు తీసుకోండి.

మా అప్పీలు సిద్ధమైంది. తమ్ముడు ఎడమచేత్తో సంతకం చేశాడు. మేము అడుగుతున్నది జాలి కాదు, పరీక్ష; దానికో వ్రాతపూర్వకమైన జవాబు.