పాత కారు కదా సార్!

ఈ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆఫీసులో ఎవరైనా ఒక డిఫెక్టుకి "పాత కోడ్ కదా" అని రాసి క్లోజ్ చేస్తే ఊరుకుంటామా? అసలు కారణం ఏదీ అని మీటింగు పెట్టి మరీ పీక్కుతింటాం. అదే మనం, కార్లో పెట్రోలు వాసనొస్తోందని సర్వీసింగుకిచ్చి, "పాత కారు కదా సార్, అలాగే ఉంటుంది" అనిపించుకుని, తలూపి బిల్లు కట్టేసి వస్తాం. నేనూ వచ్చాను. రెండుసార్లు. రెండోసారి డాష్‌బోర్డు మీద ఒక సెంటు సీసా కూడా పెట్టి పంపారు, అదీ బిల్లులో వేసి!

బండి 2007 మోడలు, నాన్న కొన్నది. 15 ఏళ్ళు నిండాక ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాం. ఇంజను గుండ్రాయిలా ఉంది. వాసన మాత్రం ఒకరోజు వస్తుంది, నాలుగు రోజులు రాదు. సర్వీసింగు వాళ్ళ ముందు అసలే రాదు. (మన బగ్గులకీ ఇదే జబ్బు.. టెస్టింగులో బుద్ధిగా కూర్చుని ప్రొడక్షన్లో పేలతాయి.)

నా ప్రొడక్షను పత్తర్‌గట్టి అని తర్వాత తెలిసింది. పెళ్ళి బట్టలకని ఇంటిల్లిపాదీ బయల్దేరాం. 1908 మూసీ వరద తర్వాత నిజాం హయాంలో కట్టించిన ఆ రాతి కమాన్ల బజారు చూడముచ్చటగానే ఉంటుంది, నడిచి వెళ్తే. మదీనా చౌరస్తా దాటి గుల్జార్ హౌజ్ వైపు కార్లో పాకడం వేరే సంగతి. ఎండ, ట్రాఫిక్కు, అద్దాలు బిగించి ఏసీ. పావుగంటకి గుప్పున కొట్టింది. వెనక సీట్లోంచి మా అమ్మాయి "నాన్నా, వాంతొస్తోంది" అంది.

ఎలాగో బండి పక్కకి పెట్టి, వచ్చిన చోటే అత్తరు కొని కార్లో చల్లుదామని ఒక కొట్టుకెళ్ళాను. ఎందుకో చెప్పగానే ఆ పెద్దాయన సీసా మూత పెట్టేసి, "అత్తర్ డాలే తో బూ నై జాతీ సాబ్, పైలే గాడీ దిఖా లేవ్" అన్నాడు. వాసనలు అమ్ముకునే మనిషి బేరం వదులుకుని చెప్పిన మాట, బండ్లు బాగుచేసేవాళ్ళ నోట రాలేదు చూశారా.

పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, కిందకి దిగి పేరుకుంటుంది. సున్నాకి 40 డిగ్రీలు కింద కూడా నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. గాలిలో నూటికి ఒకటిన్నర వంతు ఉంటే చాలు. వంటగ్యాసుకి సొంతవాసన లేకపోతే, లీకైతే తెలియాలని పనిగట్టుకుని కంపు కలుపుతున్నారు. ఇక్కడ ఊరికే వచ్చిన అలారాన్ని మనం మల్లెపూల సెంటుతో నోరు మూయిస్తున్నాం.

ఆ రోజు నుంచి లాగ్ రాయడం మొదలెట్టాను. ట్యాంకులో ఎంతుంది, ఎండా నీడా, పరుగా పాకడమా, ఏసీ బయటి గాలి లాగుతోందా లోపలిదే తిప్పుతోందా. రెండు వారాల్లో విషయం బయటపడింది. ట్యాంకు నిండుగా ఉంటేనే వాసన, సగానికి దిగితే మాయం. ఏసీ మీట ఎటు తిప్పినా తేడా లేదు, అంటే ఇంజను వైపు నుంచి కాదు. వేగంగా పోతుంటే కింది గాలి ఆవిర్ని కొట్టుకుపోతుంది, జనంలో ఇరుక్కుంటే వేడికి ఇంకా లేచి అక్కడే నిలుస్తుంది. ఈ కాగితం పట్టుకుని వీధి చివరి మెకానిక్కు దగ్గరికెళ్తే, బండిని ఆరుబయట పెట్టించి, బ్యాటరీ వైరు తీసి, వెనక సీటు లేపి కింద గుండ్రటి మూత విప్పాడు. పంపు చుట్టూ దుమ్ము తడిసి నల్లగా ఉంది. గాస్కెట్టు గట్టిపడిపోయింది, పక్కనున్న రబ్బరు పైపు ఎండిన చెరువులా నెర్రెలిచ్చింది. గాస్కెట్టు, రెండు పైపులు, నాలుగు క్లిప్పులు. గంట పని.

ఇక ఇథనాల్ సంగతి. 20 శాతం కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025కి ముందుకు జరిపారు, 2023 నుంచి బంకుల్లోకి తెచ్చారు. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలూ గాస్కెట్లూ ముందుగా మార్చాల్సి రావచ్చని, అది చవకే, మామూలు సర్వీసింగులో అయిపోతుందని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా దొరకాలన్న పిటిషన్ను సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. నా పైపు వయసు 18 ఏళ్ళు, ఇథనాలే తినేసిందని నేను ఒట్టేయలేను. వయసే చాలు. కానీ మార్చాలన్నారు కదా, ఏ భాగాలు బాబూ? ఏ మోడల్లో? రెండుసార్లు నా చేతికిచ్చిన సర్వీసు చెక్‌లిస్టులో వైపరు బ్లేడుకి గడి ఉంది, సెంటు సీసాకి లైనుంది, పెట్రోలు పైపుకి లేదు. లైబ్రరీ వెర్షన్ మార్చేసి, రిలీజ్ నోట్సు ఇవ్వకుండా, ఏమైనా విరిగితే మీరే చూసుకోండి అంటే మనం క్లయింటుతో మాట పడమూ?

మా టీములో సలహా వేరు. "అమ్మేసెయ్ బాసూ, ఎలక్ట్రిక్‌ది తీసుకో." అమ్మితే కారు పోతుంది గానీ లీకు పోతుందా? ఇంకొకడి పిల్లల సీటు కిందకి వెళ్తుంది. తెలిసిన బగ్గుని డెలివర్ చేయడమంటే అదే.

మొన్న ట్యాంకు నిండా కొట్టించి, మిట్టమధ్యాహ్నం, పనిమాలా మళ్ళీ పత్తర్‌గట్టికే తీసుకెళ్ళాను. అరగంట పాకాం. ఏ వాసనా లేదు. అదే కొట్లో ఈసారి చొక్కాకి అత్తరు కొన్నాను :)