మానెయ్యాల్సింది పరుగేనా?

నలభై దాటిన ఆడది పరుగు మొదలుపెట్టిందంటే చుట్టుపక్కల వాళ్ళు అనే మొదటి మాట, "మోకాళ్ళు అరిగిపోతాయి జాగ్రత్త!" ఆ తర్వాత నిజంగానే ఎప్పుడైనా మోకాలు పట్టేసిందా, ఇక ఇంటిల్లిపాదీ డాక్టర్లే. "ఈ వయసులో నీకెందుకవన్నీ, మానెయ్యి" అని తేల్చేస్తారు.

నేను నాలుగేళ్ళుగా పరుగెడుతున్నాను. హాఫ్ మారథాన్, అంటే 21.1 కిలోమీటర్లు, రెండుసార్లు పూర్తి చేశాను. కిందటేడు కుడి మోకాలు నొప్పి చేసినప్పుడు నేనూ ఈ మాటలన్నీ విన్నాను. అందుకే నాకో సందేహం. మోకాలు నొప్పంటే పరుగు మానెయ్యమనేవాళ్ళు, మూడు పూటలా పొయ్యి ముందు నిలబడటం మానెయ్యమని ఎందుకనరు?

పరుగెడితే మోకాళ్ళు అరుగుతాయన్నది అందరూ నమ్మే మాటే గానీ, లెక్కలు వేరే చెబుతున్నాయి. పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి 2017లో వేసిన ఒక లెక్క ప్రకారం, తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల సరదాగా పరుగెత్తేవాళ్ళలో 3.5 శాతం మందికి ఉంటే, అసలు పరుగెత్తని వాళ్ళలో 10.2 శాతం మందికి ఉంది. పోటీల కోసమే పరుగెత్తేవాళ్ళలో మాత్రం 13.3 శాతం. అంటే మితంగా పరుగెత్తడం కీళ్ళకి శత్రువు కాదు. అంతెందుకు, జీవితంలో ఒక్కనాడూ పరుగెత్తని మా అత్తగారికి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్లయ్యాయి.

అలాగని నొప్పిని పళ్ళబిగువున భరించమని నేననను. నొప్పులన్నీ ఒకటి కావు. ఎక్కువ దూరం వెళ్ళిన మర్నాడు రెండు తొడలూ, పిక్కలూ పీకితే అది కండరాల అలసట, రెండు మూడు రోజుల్లో పోతుంది. మెట్లు దిగేటప్పుడు మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పోటు, ఇవి దూరం తగ్గించమని చెప్పే సంకేతాలు. కీలు వాచినా, కుంటుతూ నడవాల్సి వచ్చినా, కాలి ఎముక మీద వేలు పెట్టి చూపించగలిగేంత ఒకేచోట నొప్పి ఉన్నా పరుగు ఆపేసి డాక్టర్ని కలవాల్సిందే. నెలసరి ఆగిపోయే వయసులో ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు పలచబడతాయి కాబట్టి మన వయసు వాళ్ళు ఈ చివరి నొప్పిని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు.

మోకాలి చిప్ప నొప్పికి మందులకన్నా ఎక్కువగా పనిచేసేది తొడ, తుంటి కండరాలకి బలం పెంచడం. ఫిజియోథెరపీ అమ్మాయి నాతో చేయించిన వాటిలో ఒకటి ఏమిటో తెలుసా? చిన్నప్పుడు బళ్ళో మాస్టారు శిక్షగా వేయించిన గోడకుర్చీ! అప్పట్లో ఏడుస్తూ వేశాం, ఇప్పుడు ఫీజు కట్టి మరీ వేస్తున్నాం.

కానీ అన్నిటికన్నా ముఖ్యమైన మందు విశ్రాంతి. మనకి దొరకనిదీ అదే. పరుగు ఆపినంత మాత్రాన కాలికి విశ్రాంతి దొరికినట్టేనా? వంట, బట్టలు, మెట్లెక్కి దిగడాలు, కూరగాయల సంచులు, అన్నీ అదే కాలి మీద కదా! "పరుగు మానెయ్యి" అనడానికి ఎవరికీ ఖర్చు లేదు. "నువ్వు కూర్చో, ఈ వారం గిన్నెలు మేం కడుగుతాం" అనాలంటే మాత్రం ఖర్చవుతుంది.

1984 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మారథానే లేదు. ఆ ఏడాది లాస్ ఏంజెలెస్‌లో మొదటిసారి పెడితే గెలిచినావిడ జోన్ బెనాయిట్. అంతకుముందు అమెరికా జట్టు ఎంపిక పరుగుకి పదిహేడు రోజుల ముందే ఆవిడ మోకాలికి ఆపరేషన్ అయింది! మనమూ అలా సాహసాలు చేయాలని కాదు. దెబ్బతిన్న మోకాలితో పరుగు ముగిసిపోయినట్టు కాదని చెప్పడానికే.

పొద్దున్నే ఆ గంట మనకి ఆరోగ్యమే కాదు, రోజు మొత్తంలో ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని సమయం కూడా. నొప్పి వచ్చినప్పుడు ఇంట్లో అందరికన్నా ముందు వదిలేయాలని చూసేది దాన్నే. ఈసారి ఎవరైనా మానెయ్యమంటే వాదించకండి. కాలికి విశ్రాంతి కావాలి కాబట్టి ముందు ఏయే పనులు మానెయ్యాలో ఒక కాగితం మీద రాసి వాళ్ళ చేతిలో పెట్టండి. ఆ జాబితాలో పరుగు చివర్న ఉండొచ్చు.