ప్రశ్నకు చోటు లేని భక్తి

నేటి యువతరమునకు దైవచింతన లేదని వగచు పెద్దలు ప్రతి గ్రామమునను కలరు. కొండలకు నడచిపోవుట, దీక్షలు పూనుట, ఊరేగింపులలో కేకలు వేయుట తప్ప ఈ తరమునకు వేరు పని లేదని విసుగుకొను పెద్దలును ఆ గ్రామములలోనే కలరు. ఒక్కొక్కప్పుడు ఈ రెండు మాటలును ఒకే నోట వినవచ్చుచుండును. రెండును సంపూర్ణముగా నిజములు కాజాలవు. యువకుల విశ్వాసమును గూర్చి తీర్పు చెప్పినంత తరచుగా పెద్దలు వారి మాట వినియుండలేదని మాత్రము దీనివలన తెలియుచున్నది.

మొదట లెక్కలు చూతము. అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రము 2019 చివరను, 2020 మొదటను భారతదేశమున సుమారు 30,000 మంది వయోజనులను ప్రశ్నించి, 2021లో ఫలితములను ప్రకటించినది. దేవుడున్నాడని నమ్ముచున్నామని నూటికి 97 మంది చెప్పిరి. మతము తమ జీవితమున మిక్కిలి ముఖ్యమన్నవారు దేశమంతట నూటికి 84 మంది. దక్షిణాదిని 69 మంది. అదే సంస్థ 2018లో 106 దేశములను పోల్చి చూడగా, 46 దేశములలో నలువది యేండ్లలోపువారు పెద్దలకంటె మతమునకు తక్కువ ప్రాముఖ్యము నిచ్చుచున్నట్లు తేలినది. ప్రపంచమున గాలి ఎటు వీచినను, ఈ దేశము దైవమును విడిచిపెట్టినది కాదు. నమ్మకము ఉన్నది, దాని నడక మారినది. ఆ మార్పు అంకెలలో కనబడదు. ఒక ఊరిని చూచిన కనబడును.

చిలమత్తూరు కర్ణాటక సరిహద్దున, లేపాక్షికి చేరువనున్న మండలకేంద్రము. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడువరకు అది అనంతపురము జిల్లాలోనిది. ఆ పూర్వపు జిల్లాలో సాలుకు సగటున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ విత్తి ఆకసమువంక చూచు నేల అది. అట్టి నేలపై భక్తికిని మబ్బుకును ముడి తప్పదు. వాన ముఖము చాటువేసిన యేట కప్పలకు పెండ్లి చేయుటయు, గుడిలో విరాటపర్వము చదివించుటయు తెలుగునాట పలుచోట్ల నుండిన ఆచారములు. చదువువాడు ఒక్కడు, వినువారు ఊరివారు. అప్పు ఇచ్చినవాడును, తీర్పలేనివాడును ఒకే కథకు చెవి యొగ్గిరి. అయితే ఆ గుడి అరుగుపై అందరికిని చోటు లేకుండెననుటయు మరువరాదు. దూరమున నిలిచి వినవలసిన కులములవారును ఉండిరి.

నేడు ఆ ప్రాంతపు యువకుడు కొడికొండ చెక్‌పోస్టు మీదుగా, 44వ జాతీయ రహదారిని బట్టి బెంగుళూరికి పనికి పోవుచున్నాడు. పెనుకొండ వద్ద 2019లో ఉత్పత్తి ఆరంభించిన కియా కార్ల కర్మాగారమునకు పోవువారును కలరు. వాన రాకడను చేతిలోని ఫోను చెప్పును. దైవదర్శనపు టికెట్టును ఆ ఫోనే ఇప్పించును. సెలవు దొరకినవాడు జాతరకు వచ్చును. దొరకనివాడు బంధువు పంపిన వీడియోలో రథమును చూచి చేతులు జోడించును. ఊరుమ్మడి భక్తి ఒంటరి భక్తియైనది. ఇందు విచారింపవలసినది కొంత కలదు; సంతోషింపవలసినదియు కలదు. ఊరి కట్టుబాటునకు వెరచి మ్రొక్కినవానికంటె, ఎవ్వరును చూడని అద్దెగదిలో దీపము వెలిగించుకొన్నవాని భక్తి తక్కువది యనుటకు వీలులేదు.

చిక్కు మరియొకచోట నున్నది. విరాటపర్వము చదివిన వాన కురియునా అని పదునాలుగేండ్ల బాలుడు అడుగును. మబ్బు పుట్టు విధమును ఉదయము తరగతిలో చదివినవాడు సాయంకాలము ఇంటిలో ఈ ప్రశ్న వేయుట సహజము. ‘అట్లడుగరాదు, కళ్లు పోవును’ అనునదే తరచుగా వానికి దొరకు సమాధానము. ఆ అరుగుపై అందరికి చోటేల లేకపోయెనని దళితవాడ బాలిక అడిగినచో ఆ మాటయు దొరకదు, మౌనమే దొరకును.

మంచి సమాధానము లేకపోలేదు. వాన కురియుటకు కారణము మబ్బు. కరవులో ఊరు చెదరిపోకుండుటకు కారణము ఊరివారు కూడి కూర్చుండుట. తిక్కన పద్యము మేఘమును కరిగింపకపోవచ్చును గాని, గాదె తలుపు తీయవలసిన కలవాని మనస్సును కరిగింపవచ్చును. అదియు చేయనినాడు, కొందరిని దూరముగా నిలిపి చేసిననాడు, ఆ పఠనము వట్టి శబ్దమే. ఇట్లు చెప్పిన బాలుడు తృప్తి పడకపోవచ్చును, మరల అడుగవచ్చును. అడుగనిండు.

అడుగనీయనిచో ఏమగును? ఒకడు అంతయు బూటకమని త్రోసివైచి, పెండ్లికిని గృహప్రవేశమునకును మాత్రము మాటాడక తల వంచును. అది నమ్మకమును కాదు, నిరాకరణమును కాదు. మరియొకడు సమాధానమును వెదకుచు పోయి, ఫోనులో బిగ్గరగా అరచు అపరిచితుని చెంతకు చేరును. అచట ప్రశ్నకు జవాబు దొరకదు. ద్వేషించుటకు ఒక శత్రువు దొరకును. తన మతమేమి చెప్పుచున్నదో తెలియకమునుపే పరుల మతము చెడ్డదని వానికి తెలియును. ఇంటిలో ‘కళ్లు పోవును’ అన్న మాటకు ఊరంతయు చెల్లించు మూల్యమిది.

ఈ సీమకు ఆ మూల్యము మరింత బరువు. పెనుకొండ బాబయ్య దర్గాకు ముస్లిములతోపాటు హిందువులును తరతరములుగా మ్రొక్కులు చెల్లించుచున్నారు. అనంతపురము జిల్లా గూగూడులో మొహర్రమునాడు కుళ్లాయిస్వామిని ఉభయులును కూడి కొలుతురు. కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ అను పేర్లు ఈ ప్రాంతమున ఎన్నియో బడుల హాజరుపట్టీలలో నేటికిని కానవచ్చును. ఆ పేరు తన ఇంటికి ఎట్లు వచ్చినదో ఎరిగిన విద్యార్థిని పరమతద్వేషము అంత సులభముగా తాకదు. ఎరిగించువారు లేకున్న ఆ పేరు వట్టి అక్షరములుగా మిగులును.

ప్రశ్నించుట పరదేశపు చదువు తెచ్చిన తెగులని కొందరందురు. కఠోపనిషత్తున, పాలు ఇంకిన గోవులను తండ్రి దానమిచ్చుట చూచి ప్రశ్నించిన నచికేతుడు బాలుడే. తండ్రికి కోపము వచ్చినది. ఉపనిషత్తు మాత్రము బాలుని పక్షమే వహించినది. అంత దూరము పోనక్కరలేదు. కదిరి ప్రాంతపు కటారుపల్లిలో వేమన సమాధి కలదు. వేమన పద్యము లేని తెలుగు వాచకము అరుదు. పద్యమును వల్లె వేయించి, తాత్పర్యము వ్రాయించి, మార్కులు వేయుచున్నారు. ఆ కవి వేసిన ప్రశ్ననే ఒక విద్యార్థి తన సొంత మాటలలో వేసినచో బెంచీ ఎక్కించుచున్నారు.

అనంతపురము జిల్లా రాళ్లపల్లిలో 1893లో జన్మించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు సంప్రదాయ పండితులు, సంగీతజ్ఞులు. వారు 1928లో వేమనను గూర్చి చేసిన ఉపన్యాసములు నేటికిని ప్రమాణములు. వారే పిమ్మట తిరుపతిలో అన్నమాచార్యుల సంకీర్తనలను పరిష్కరించి, పలువాటికి స్వరము కూర్చిరి. విగ్రహపూజను పరిహసించిన కవిని, వేంకటేశ్వరుని జీవితమంతయు పాడిన కవిని ఒక్క హృదయమే ఆదరింపగలిగినది.

నమ్మకము బొత్తిగా లేనివారితోను ఇట్టి సఖ్యము సాధ్యమే. గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిరి. రామనామము విడువని గాంధీజీ సేవాగ్రామమున ఆయనతో చర్చలు సాగించిరి. గోరాగారి కుమార్తెకు దళిత యువకునితో అచట వివాహము జరిపించుటకు అంగీకరించిరి. గాంధీజీ మరణానంతరము 1948లో ఆ వివాహము సేవాగ్రామముననే జరిగినది. ఒకరికి దేవుడు కలడు, ఒకరికి లేడు; అస్పృశ్యత పోవలెననుటలో మాత్రము ఇరువురికి భేదము లేదు.

నేటి యువకులు వెదకునది ఈ తెన్నే. పుట్టపర్తి సత్యసాయిబాబా (1926–2011) సంస్థ 1990 దశకమున నిర్మించిన త్రాగునీటి పథకము ఈ కరవుసీమలో 700కు పైగా గ్రామములకు ఉద్దేశింపబడినది. ఆయన మహిమలను నమ్మినవారును, నమ్మనివారును ఒకే కొళాయి క్రింద బిందెలు పెట్టుకొనిరి. భక్తి నీటిరూపము దాల్చినచోట వాదమునకు పని తక్కువ.

ఇందు ఉపాధ్యాయుని పాత్ర యేమి? ప్రభుత్వ ధనముతోనే పూర్తిగా నడచు విద్యాలయములలో మతబోధ కూడదని రాజ్యాంగపు 28వ అధికరణము శాసించుచున్నది. విచారణబుద్ధిని పెంపొందించుకొనుట పౌరుని విధియని 1976లో చేర్చిన ప్రాథమిక విధులు చెప్పుచున్నవి. కనుక ఉపాధ్యాయుడు ఏ నమ్మకమును నేర్పనక్కరలేదు, ఏ నమ్మకమును పెరికివేయనక్కరలేదు. వేమన పాఠము ముగిసిన పిదప పది నిమిషములు ప్రశ్నలకు విడువవచ్చును. కరవు యేండ్లలో ఊరు ఏమి చేసెడిదో, ఎందులకు చేసెడిదో, ఎవరిని దూరముగా నిలిపెడిదో అవ్వతాతలను అడిగి వ్రాసికొని రండని చెప్పవచ్చును. కటారుపల్లిని, పెనుకొండను, లేపాక్షిని ఒక్క విహారయాత్రలో చూపవచ్చును. వీనిలో ఏదియు మతబోధ కాదు, అన్నియు చదువే.

విద్యార్థులకును ఒక ధర్మము కలదు. పరుల మతమును అడుగదలచిన ప్రశ్నను మొదట తన మతమును అడుగవలెను. అడిగినవాడు జవాబు వినువరకు నిలువవలెను. విని, సరియని తోచినదానిని ఆచరింపవలెను. పెద్దలను నిలదీయుట సులభము. తన తరమున ఆ అరుగుపై అందరికి చోటు కల్పించుట కష్టము.

వాన ఎప్పుడు కురియునో చెప్పు ఫోను నేడు చిలమత్తూరులో ప్రతి యువకుని చేతను ఉన్నది. కురియని యేట మనిషికి మనిషి ఏమి కావలెనో అది చెప్పదు. ఆ మాట చెప్పవలసినవారు పెద్దలు. కళ్లు పోవునని బెదరింపక, పిల్లవాని ప్రశ్నకు ఎదురుగా కూర్చుండి చెప్పినపుడే ఆ మాట వానికి అందును.