తప్పు దాచమని నేర్పేదీ చదువేనా?

ఏ ఇంజినీరింగ్ కాలేజీదైనా సరే, వెబ్ టెక్నాలజీస్ ల్యాబు రికార్డు ఒకటి తెరవండి. ఎయిమ్, ప్రోగ్రాం, అవుట్‌పుట్. పది ప్రయోగాలుంటే పదికి పది విజయాలే. సెమికోలన్ మరిచినవాడు, కొటేషన్ మూయనివాడు ఆ బ్యాచ్‌లో పుట్టనే లేదు. నిన్న రాత్రి ప్రోగ్రాం నడవలేదనీ, ఎందుకు నడవలేదో తేల్చడానికి ఇద్దరు స్నేహితులు తల బద్దలు కొట్టుకున్నారనీ రాసుకునేందుకు అందులో ఒక్క పేజీ లేదు. పక్కవాడి రికార్డు చూసి దించడం, ఎర్ర సిరా సంతకం పడటం, అంతే. దీన్ని చదువు అనకండి. ఇది దొంగ లెక్క.

గోదావరిఖనిలో ఉండి అంటున్నాను కాబట్టి ఇంకాస్త కోపంగా అంటున్నాను. ఇక్కడ బొగ్గు బాయిలో ప్రతి షిఫ్టులోనూ మైనింగ్ సర్దార్ పైకప్పును కర్రతో తట్టి చప్పుడు వింటాడు, గ్యాసు చూస్తాడు, చూసింది చూసినట్టు పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. తర్వాతి షిఫ్టుకు దిగేవాడు అది చదువుకుంటాడు. బోలుగా మోగినచోట ‘బాగుంది’ అని రాస్తే ఏమవుతుందో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి బొగ్గు కంపెనీ కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. తండ్రి నౌకరీ కొడుక్కు వస్తుందన్న భరోసా సన్నగిల్లింది. అందుకే ఆ ఇళ్ల పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. వాళ్లకు మనం మొదట నేర్పుతున్న విద్య ఏమిటయ్యా అంటే, బోలు చప్పుడు వినపడకుండా చెవులు మూసుకోవడం.

జేఎన్‌టీయూహెచ్ ఆర్18 సిలబస్‌లో వెబ్ టెక్నాలజీస్ మొదటి యూనిట్ పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషే. పిల్లవాడు దాన్ని నడిపే జాంప్ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంటాడు, ఫారం ఒకటి రాస్తాడు, పేజీ నిండా వార్నింగులు వస్తాయి. సీనియర్ దగ్గరికి పోతాడు.

“అన్నా, గీ వార్నింగ్ ఎట్ల పోతదే?”

“గింత తెల్వదా? లైన్ ముందట ఎట్ గుర్తు పెట్టు, పోతది.”

పోతుంది. వార్నింగ్ పోతుంది, తప్పు ఉన్నచోటే ఉంటుంది. ఇంకొంచెం తెలివైన సీనియర్ అయితే పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలులో డిస్‌ప్లే ఎర్రర్స్‌నే ఆపేయమంటాడు. ఇక ప్రోగ్రాం ఆగిపోయే తప్పు చేసినా తెల్ల పేజీయే. జనం వాడే సైటులో ఎర్రర్లు తెర మీద పడకూడదు, నిజమే. అక్కడ లాగ్ ఫైలులో రాయించాలి. అందుకే పీహెచ్‌పీతో పాటు రెండు నమూనా సెట్టింగుల ఫైళ్లు వస్తాయి, ఒకటి నేర్చుకునే, తయారుచేసే చోటుకు, ఇంకొకటి జనం ముందుకు పెట్టే చోటుకు. ఈ తేడా చెప్పే ఓపిక ఎవరికుంది?

పీహెచ్‌పీని తయారుచేసేవాళ్లు ఏటేటా ఎర్రర్ గొంతు పెంచుతూ వచ్చారు. 2020లో వచ్చిన 8.0లో, విలువ ఇవ్వని వేరియబుల్‌ను వాడితే వచ్చే చిన్న నోటీసు కాస్తా వార్నింగ్ అయింది. అదే వెర్షన్ నుంచి ఎట్ గుర్తు, ప్రోగ్రాంను ఆపేసే ఫేటల్ ఎర్రర్లను దాచలేదు. 2021లో వచ్చిన 8.1 నుంచి డేటాబేసును అడిగే మైఎస్‌క్యూఎల్‌ఐ క్వెరీ విఫలమైతే నోరు మూసుకుని ఫాల్స్ ఇచ్చే బదులు ఎక్సెప్షన్ విసురుతుంది. భాష అరిచి చెబుతున్నకొద్దీ మన క్లాసులు దాని నోరు నొక్కుతున్నాయి.

నొక్కడానికీ ఒక బజారుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు జిప్ ఫైలుగా అమ్ముతారు, డాక్యుమెంటేషన్‌తో సహా. విప్పి చూస్తే మొదటి లైన్లలోనే మైఎస్‌క్యూఎల్ కనెక్ట్ అనే పాత ఫంక్షన్. అది 2013లోనే వాడొద్దన్న జాబితాకు ఎక్కింది, 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7లో భాషలోంచే తీసేశారు. అలాంటి ఫంక్షనే లేదని మెషీన్ మొత్తుకుంటే, అమ్మినవాడి సలహా ఒక్కటే: పాత జాంప్ దింపుకో. డబ్బు పోసి కొన్నది పనిచేయకపోతే కొత్త పద్ధతి నేర్పరు, భాషనే వెనక్కి నడిపిస్తారు. ఆ ప్రాజెక్టుకు మార్కులేసే గైడుకు ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను.

తోటివాళ్ల సాయం వద్దనడం లేదు. అసలు దిక్కే అది. తెలిసిన స్నేహితుడు కీబోర్డు లాక్కోడు. ఏం చేసినవ్, ఏం వస్తదనుకున్నవ్, ఏమొచ్చింది అని అడుగుతాడు. హెడర్లు ఇప్పటికే వెళ్లిపోయాయన్న ఎర్రర్ వస్తే కొత్తవాడు ఎర్రర్ చూపిన లైను దగ్గరే గంటలు గంటలు కూర్చుంటాడు. స్నేహితుడు మెసేజ్‌ను చివరిదాకా చదివిస్తాడు. అవుట్‌పుట్ ఏ ఫైలులో, ఏ లైనులో మొదలైందో అందులోనే రాసి ఉంటుంది. ఒకటో లైను అని ఉంటే, చాలాసార్లు ఫైలు మొదట్లో ఖాళీ అయినా ఉండాలి, సేవ్ చేసేటప్పుడు ఎడిటర్ చేర్చిన కంటికి కనపడని మూడు బైట్లయినా ఉండాలి.

తెలుగు సంగతి మరీ ఘోరం. పిల్లవాడు డేటాబేసులో ‘బొగ్గు’ అని పెడితే ప్రశ్నార్థకాలు తిరిగొస్తాయి. సార్‌ను అడిగితే “తెలుగెందుకు, ఇంగ్లిష్‌లో పెట్టుకో”. ఎందుకు పెట్టుకోవాలి? టేబుల్ లాటిన్1 అనే ఎన్‌కోడింగ్‌లో ఉంది, దానికి తెలుగు పట్టదు. యూటీఎఫ్8ఎంబీ4కు మార్చి, కనెక్షన్‌కూ అదే చెబితే చాలు. కాకపోతే ఒకసారి ప్రశ్నార్థకంగా మారి నిల్వ అయిన అక్షరం మళ్లీ రాదు, కాబట్టి ముందే చెప్పాల్సిన మాట. అదే ‘బొగ్గు’ పొడవు పీహెచ్‌పీ ఫంక్షన్ స్ట్ర్‌లెన్‌ను అడిగితే 18 అంటుంది, ఎంబీ స్ట్ర్‌లెన్‌ను అడిగితే 6 అంటుంది. మొదటిది బైట్లు లెక్కపెడుతుంది, యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు. రెండోది యూనికోడ్ గుర్తులు లెక్కపెడుతుంది. మన కంటికి కనిపించేవి బొ, గ్గు రెండే. పాఠ్యపుస్తకం పేజీలు పేజీలు చెప్పే స్ట్రింగ్ ఫంక్షన్లు ఈ ఒక్క మాటతో బుర్రకెక్కుతాయి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్ ప్రధానంగా పీహెచ్‌పీలో రాసిందే. అక్కడ పట్టిన తెలుగు మీ ల్యాబులో ఎందుకు పట్టదు సార్?

ఈ సాయం అందరికీ సమానంగా దొరకదన్నది ఎవరూ ఎత్తని మాట. హాస్టల్ గదుల్లో అర్ధరాత్రి దాకా సాగే ఈ కూడికల్లో, సాయంత్రం బస్సు అందుకుని ఇల్లు చేరాల్సిన ఆడపిల్లకు చోటు లేదు. ల్యాబుకేమో క్లాసు అయిపోగానే తాళం. ఇప్పుడు ఏఐ ఉందిగా, దాన్నే అడుగుతారులే అంటున్నారు. దానికైనా అతికించేది ఎర్రర్ మెసేజే కదా. దాన్ని మీరు ముందే మాయం చేయించారు.

నాకు పెద్ద కోరికలు లేవు. రికార్డులో ప్రతి ప్రయోగానికీ ఒక పేజీ పెంచండి. వచ్చిన ఎర్రర్ మక్కీకి మక్కీ, మొదట ఏమనుకున్నారు, చివరికి ఏం తేలింది, ఎవరు సాయం చేశారు, ఇవన్నీ రాయించండి. సాయం చేసినవాళ్లకూ మార్కులు వేయండి. వైవాలో నడుస్తున్న ప్రోగ్రాంలోంచి ఒక కొటేషన్ తీసేసి, “ఇప్పుడు బాగు చెయ్” అనండి. ఐదు నిమిషాల పని. ప్రాజెక్టు చేసినవాడెవడో, కొన్నవాడెవడో ఆ ఐదు నిమిషాల్లోనే తేలిపోతుంది. తేలిపోతుందనే కదా మీరు ఆ పని చేయనిది?